బావ మోచెయ్యి

ఆదివారం, మార్కాపురం

పెదవి వాపు ఇంకా తగ్గలేదు. పెద్దవాళ్ల బాస్కెట్‌బాల్ లీగులో ఈ వారం గిద్దలూరు జట్టుతో మూడు ఆటలు. మూడింట్లోనూ నాకు అడ్డం నిలబడింది అక్క మొగుడే. సోమవారం డొక్కలో పొడిచాడు. గురువారం బంతి కోసం ఎగిరితే బనియన్ పట్టుకుని కిందికి లాగాడు. ఈరోజు బుట్ట కింద మోచేత్తో నా మూతి పగలగొట్టి, "ఏంది బామ్మర్దీ, అప్పుడే అలిసిపోయినావా?" అని ఇకిలించాడు.

రక్తం చూపించినా రిఫరీ ఈల ఊదలేదు. "బావా బామ్మర్దులన్నాక ఆ మాత్రం సరసం ఉండదా? ఆడండి, ఆడండి" అన్నాడు. కోర్టు చుట్టూ అందరూ నవ్వారు. పరాయివాడు కొడితే ఫౌలు, బావ కొడితే సరసం! ఓడిపోయాం.

ఆట అయ్యాక ఆ పెద్దమనిషి అక్కను వెంటబెట్టుకుని మా ఇంటికే భోజనానికి వచ్చాడు. అమ్మ లెగ్ పీసులు రెండూ అల్లుడి కంచంలోనే వేసింది. నాకు కారం తగిలి పెదవి భగ్గుమంది. పెరుగు నేను వడ్డించనంటే, "ఆటలో తగిలిన దానికి అల్లుని మీద కోపమేందిరా? అట్ల చెయ్యొద్దు" అని అమ్మ కసిరింది. బావ పగలబడి నవ్వాడు. అక్క కూడా నవ్వింది.

అంతలో బావ నీళ్ల చెంబు కోసం చెయ్యి చాపాడు. పక్కనే కూర్చున్న అక్క చటుక్కున తల వంచి, మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. చెంబు చూసి, చెయ్యి దించి, మళ్లీ నవ్వింది.

నేను వాడితో ఆడింది మూడు ఆటలే. అక్కకు పెళ్లయి ఆరేళ్లు.