ఇంట్ల అడిగి చెప్త

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం, ఆరాధన ముగిశాక.

కరుణక్కకు, బావకు తమ్ముడు సుధాకర్ వందనాలు. ప్రభువు కాపుదలలో నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ షుగరు చూపించుకున్నాడా?

సలోమి ఆఖరి రోజు ఏం జరిగిందో చెప్పమని చాలాసార్లు అడిగావు. ఫోన్‌లో మొదలుపెడితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున సలోమి బాగానే ఉంది. దవాఖాన కింది నుంచి ఇడ్లీ తెచ్చాను. సగం తింది. చట్నీ పులిసిందంది. నర్సు వచ్చి సెలైన్ మార్చింది. అప్పుడే నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లవాడొకడు ఫోన్ చేశాడు. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలని అడిగాడు. తర్వాత చెప్తానని పెట్టేశాను.

"ఏం చెప్పినవ్?" అంది సలోమి.

"ఏం చెప్పలే. నిన్నడిగి చెప్దామని."

"జర నిద్రొస్తుంది. లేచినంక చెప్త."

కిటికీ తెర వెయ్యమంది. వేశాను. పక్కన కూర్చుని పేపరు చదివాను. మధ్యాహ్నం డాక్టరు వచ్చి పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. అంతే అక్కా. బాధపడలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. సాయంత్రానికి నువ్వు వచ్చావు. ఆ తర్వాతది నీకు తెలుసు.

ఇక ఇక్కడి సంగతి. గది బాగానే ఉంది. మెట్రో స్టేషన్‌కు నడిచి పోయేంత దూరం. కిటికీ తీస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. వాన పడితే వీధంతా నీళ్లు. బోనాల నెల కదా, మైకులు ఆగవు. ఇంటావిడ గుంటూరు వైపు మనిషి. నేను మెట్లెక్కుతుంటే "ఏవండీ మాస్టారూ, భోంచేశారా?" అని అడుగుతుంది. తిన్నానంటే "ఏం కూరండీ?" అంటుంది. అక్కడ దొరికిపోతాను. అన్నం గదిలోనే వండుకుంటున్నాను. కూర కొనుక్కుంటాను. ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో ఇంకా అంచనా రాలేదు. మిగిలిపోతోంది. కానీ వేళకు తింటున్నాను, నువ్వు దిగులు పెట్టుకోకు.

కాలేజీ ఎల్బీనగర్‌లో. బీఏ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్తాను. గెస్టు లెక్చరర్‌ని కాబట్టి క్లాసు ఉంటేనే పని, లేకపోతే లేదు. పాఠం చెప్పడం కష్టం కాదు. నకిరేకల్‌లో ఇంటర్ పిల్లలకు ఇన్నేళ్లు సివిక్స్ చెప్పినవాణ్ణే కదా. పరేషాన్ అంతా ఇంకొక పనితో. దానికి మెంటర్ అని పేరు పెట్టారు.

మా రోజుల్లో కాలేజీ ఏ పేపరు ఇస్తే అది చదివాం. ఇప్పుడు పిల్లలే ఎంచుకోవాలి. మూడో సంవత్సరం వాళ్లు రెండు పేపర్లలో ఒకటి తీసుకోవాలి. ఒకటి అంతర్జాతీయ సంబంధాలు, అది నేను చెప్పేది. రెండోది రాజ్యాంగం, న్యాయ వ్యవస్థ. దానికి ఎల్బీనగర్ కోర్టు నుంచి ఒక వకీలు వస్తాడు. పిల్లలు ముందు మెంటర్‌తో మాట్లాడాలి, తర్వాత ల్యాబ్‌లో కంప్యూటర్ మీద నమోదు చేసుకోవాలి. నమోదుకు గడువు నిన్నటి శనివారం.

క్రెడిట్లు, కోడ్లు, ఎంత చదివినా నాకు తలకెక్కలేదు. ఒకే పేపరుకు రెండు కోడ్లున్నాయి. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. పిల్లలు మాత్రం నాకన్నా స్పష్టంగా ఉన్నారు. "ఏది ఈజీ సార్?" అంటాడొకడు. "నా దోస్తు ఏది తీస్కుంటే నాకు గదే ఎయ్యిండ్రి" అంటాడు ఇంకొకడు. "పొద్దుగాల క్లాసు లేనిది చెప్పుండ్రి సార్, మా బస్సు రాదు" అంది నాదర్‌గుల్ నుంచి వచ్చే అమ్మాయి. అదొక్కటే నాకు సరైన కారణంగా తోచింది.

వాళ్లలో శ్రావణి అని ఒక అమ్మాయి ఉంది. వాళ్లమ్మ కోర్టు ముందు జిరాక్స్ షాపు నడుపుతుంది. తండ్రి లేడు. తెలివైన పిల్ల. ఎదురుగా కూర్చుని, "నేను ఏ పేపర్ తీస్కోవాలె సార్?" అంది.

"ఇంట్ల అడిగి చెప్త" అన్నాను.

నోటికి అలవాటైన మాట అక్కా. నకిరేకల్‌లో మన ఇంటికి పిల్లలు వచ్చేవాళ్లు, నీకు గుర్తుందో లేదో. సలోమి టీ పెట్టి, వాళ్ల పక్కన కూర్చుని అన్నీ అడిగేది. వాళ్లు పోయాక నాతో అనేది, వీడికి లెక్కలొద్దు, దానికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ముందు వాళ్ల నాయినతో మాట్లాడు అని. అదే నేను మర్నాడు చెప్పేవాణ్ణి. మంచి సలహా ఇస్తాడని పేరు నాకొచ్చింది.

ఆ మాట అన్నానని కూడా నాకు తెలియలేదు. మర్నాడు శ్రావణి కారిడార్‌లో ఆపింది.

"సార్, మేడంని అడిగిన్రా?"

"అడిగిన" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. లేదని చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. చుట్టూ పిల్లలున్నారు. బెల్లు కొడుతోంది.

"ఏమన్నది సార్?"

"నీకేం కావాలని ఉందో కనుక్కొమ్మన్నది." సలోమి అలాగే అనేది.

శ్రావణి వెంటనే చెప్పింది. డిగ్రీ అయ్యాక లాసెట్ రాస్తుందట. "నల్ల కోటు ఏస్కోవాలె సార్. మా మమ్మీ ఎన్నేండ్ల సందో ఆళ్ల కాయితాలు జిరాక్స్ తీస్తనే ఉంది. అండ్ల ఏం రాసుందో మాకు ఒక్క ముక్క తెల్వది."

ఆ వకీలు తన పేపరు తీసుకున్న పిల్లలను శనివారాలు కోర్టుకు వెంట తీసుకుపోతాడు. వాదనలు చూపిస్తాడు, ఫైళ్లు చదివిస్తాడు. నా పేపరులో అలాంటిదేమీ లేదు. అందుకే ఆ సాయంత్రం గదిలో టీ తాగుతూ ఆలోచించి, మర్నాడు, "మేడం వకీల్ సాబ్ పేపరే తీస్కొమ్మన్నది" అన్నాను. పిల్ల ముఖం వెలిగింది.

అక్కడితో ఆగలేదు. "మేడం మంచిగ చెప్తదట" అని క్లాసంతా పాకింది. "సార్, నాదిగూడ మేడంని అడుగుండ్రి" అని వరసపెట్టారు. ఫెయిలైన సబ్జెక్టు సంగతి తండ్రికి ఎట్ల చెప్పాలో మేడంని అడగమన్నాడొకడు. రోజూ సాయంత్రం టీ పెట్టుకుని ఒక్కొక్కళ్ల గురించి, ఉంటే ఏమనేదో ఆలోచించేవాణ్ణి. కొన్నిసార్లు మాట గొంతుతో సహా వచ్చేది. కొన్నిసార్లు ఏమీ తోచేది కాదు. ఇది అబద్ధమా కాదా అన్నది నాకు అర్థం కాలేదు. ఆ కొన్ని వారాలు తేలిగ్గా గడిచాయి, అది మాత్రం నిజం.

ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచాడు. ఒక పేపరు నడవాలంటే పదిహేను మంది ఉండాలి. వకీలు పేపరుకు ఎప్పుడో నిండారు. నా దానికి సగం కూడా లేరు.

"ఏంది సుధాకర్ గారూ, మీ దుకాణం ముందర మీరే నిలబడి పక్క దుకాణంల సరుకు మంచిగుంటదని చెప్తున్నరట? వకీల్ సాబ్‌కు కోర్టుంది. క్లాసు నడవకపోతే మీకేముంది?"

క్లాసు నడవకపోతే గది ఖాళీ చేసి ఇంటికి రావాలి. నువ్వు రమ్మంటూనే ఉన్నావు. ఇల్లు ఊడ్పించానని, సున్నం వేయించానని ఫోన్ చేసినప్పుడల్లా చెప్తావు. ఆ ఇంట్లోకి ఒక్కణ్ణే ఎలా రావాలో తెలియకే ఇంత దూరం వచ్చాను. నీ మీద కోపంతో కాదక్కా. అది మాత్రం నమ్ము.

నిన్న గడువు ఆఖరి రోజు. పొద్దున చూస్తే నలుగురు తక్కువ. మధ్యాహ్నం క్లాసు చెప్పి వచ్చేసరికి ఆఫీసులో రహీం భాయ్ నవ్వుతూ, "ముబారక్ సార్. నిండింది" అన్నాడు. సరిగ్గా పదిహేను మంది. తెర మీద పేర్లు చూశాను. చివరి నాలుగింట్లో శ్రావణి పేరుంది.

ఎలాగని అడిగితే రహీం భాయ్ నవ్వడం ఆపాడు. ఉద్యోగంలో చేరినప్పుడు నా కాగితాలు తీసుకున్నది ఆయనే. సలోమి సంగతి తెలుసు. పొద్దున పిల్లలు వచ్చి, ఫ్రెషర్స్ డేకి మేడంని పిలుద్దాం, సార్ ఇంటి అడ్రస్ ఇవ్వమని అడిగారట.

"ఏం చెయ్యాలె సార్, చెప్పిన. మేడం లేదు బేటా, పోయి ఏడాది కావస్తుంది అన్న. క్లాసు నడవకుంటే సార్ గూడ పోతడా అని ఆ పిల్ల అడిగింది. పోతడన్న. సీదా ల్యాబ్‌కు పోయింది. ఇంక పేరు ఎక్కియ్యనోళ్లను ముగ్గురిని కూసోబెట్టి ఎక్కిపిచ్చింది. లాస్టుకు తనది మార్చుకుంది."

ఆ ముగ్గురికీ ఏ పేపరైనా ఒకటే. శ్రావణికి కాదు.

గేటు దగ్గర వాన తగ్గడం కోసం నిలబడి ఉంది. పిలిచాను.

"నువ్వు వకీల్ సాబ్ పేపర్ కదా తీస్కున్నది?"

"మార్చిన సార్."

"ఎందుకు?"

నేల చూసింది. "మేడంని అడిగిన."

కోప్పడాలో ఏం చేయాలో తోచలేదు. చివరికి నేనే అడిగాను అక్కా. "ఏమన్నది?"

"సార్ ఒక్కడే ఐతడు, జర సూస్కోండ్రి అన్నది."

అని, సంచి నెత్తి మీద పెట్టుకుని వానలోనే మెట్రో వైపు పరుగెత్తింది.

నిన్నటి నుంచి ఇదే ఆలోచన. నేను చెప్పింది సలోమి మాటా, ఆ పిల్ల చెప్పింది సలోమి మాటా? ఆ పిల్ల సలోమిని చూడనైనా లేదు. కానీ ఉంటే రెండూ అనేదే. పిల్ల చదువు చెడగొట్టకు అనేది. నువ్వు ఒక్కనివి ఉండకు అని కూడా అనేది. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో చెప్పకుండా టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయేది. సోమవారం ఒక్కరోజు మార్పులకు అవకాశం ఇచ్చారు. శ్రావణి అటు పోతే పద్నాలుగు మందే మిగులుతారు. ప్రిన్సిపాల్ ఒక్కరు తగ్గినా ఒప్పుకునే మనిషి కాదు.

నిన్న సాయంత్రం టీ పెట్టుకుని కూర్చున్నాను. ఈ రోజు ఆరాధనలో కూర్చున్నాను. పాస్టరు గారు ఏ వాక్యం చెప్పారో గుర్తు లేదు. ఈసారి ఏమీ వినిపించలేదు. లేచాక చెప్తానన్న మనిషి ఇంకా లేవలేదు కదా.

ఏడాది జ్ఞాపకార్థ కూడిక మీరు అనుకున్న రోజే పెట్టండి. ఇక్కడ పని ఉన్నా లేకున్నా ముందు రోజే వస్తాను. సున్నం వేయించిన వాళ్లు పెరట్లో సలోమి పెట్టిన కరివేపాకు మొక్క తొక్కలేదు కదా, చూడు. ఎవరైనా ఇటు వస్తుంటే పల్లి కారం, నా దుప్పటి పంపు. తొక్కు వద్దు, పోయినసారి పంపిందే ఉంది. ఇంటావిడకు పెడితే "బాగుందండీ, కారమే కాస్త ఎక్కువ" అంది. గుంటూరు మనిషి అలా అంటుందని అనుకోలేదు. బావ చేత మందులు మరవకుండా వేయించు. చిన్నమ్మకు, పాస్టరు గారికి, సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. నా కోసం కాక, ఈసారి ఆ పిల్ల కోసం ప్రార్థన చెయ్యి. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ఈ ఉత్తరం ముగిస్తున్నాను.

రేపు పొద్దున కాలేజీకి అందరికన్నా ముందు వెళ్తాను. శ్రావణి రాగానే ల్యాబ్‌లో కూర్చోబెట్టి, పక్కన నిలబడి, వకీలు పేపరు మళ్లీ ఎక్కిస్తాను. మేడం ఏమన్నదని అడుగుతుంది. ఇంట్లో అడగలేదు, నేనే చెప్తున్నాను అంటాను.

నీ తమ్ముడు
సుధాకర్