పిన్ని జవాబులు

బాబాయ్,

మూడుసార్లు నీ నంబరు నొక్కి, నువ్వు ఎత్తేలోపే పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

పిన్ని కుట్టుపని వెబ్‌సైటును కొత్త సర్వర్‌కి మారుస్తానని నేనే ఎగబడ్డాను. "జాగ్రత్తరా, పదకొండేళ్ల మాటలు అందులో ఉన్నాయి" అన్నావు. వెన్నతో పెట్టిన విద్య అని కోతలు కోశాను.

ఆడవాళ్లు అడిగిన ప్రశ్నల పేజీలు బాగానే వచ్చాయి. పిన్ని జవాబులు మాత్రం విడిగా, డేటాబేస్‌లో ఉంటాయి. పాతదాన్ని కొత్తదాంట్లో నింపాల్సింది పోయి, ఖాళీగా ఉన్న కొత్తదాన్ని పాతదాని మీద కుమ్మరించాను. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడిగే రెండు గళ్లలో తారుమారుగా రాశాను, అంతే. జవాబులన్నీ చెరిగిపోయాయి. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు కాగితం కత్తిరించి చూసుకోమనేది పిన్ని. నేను నకలైనా తీసుకోలేదు. సర్వర్‌వాళ్లను బతిమాలాను. "మా దగ్గరా లేదండీ" అన్నారు.

పని ఇంకా అవలేదని నీతో అబద్ధమాడి సైటు మూసి ఉంచాను. పిన్ని పోయాక రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక జవాబు చదువుకుంటావని నాకు తెలుసు.

జవాబు రాయనిచోట కనబడాలని పిన్ని మొదటిరోజే ఒక మాట రాసిపెట్టింది. ఇప్పుడు ప్రతి ప్రశ్న కిందా అదే ఉంది. "చూశానమ్మా. చేతిలో పని అవగానే చెబుతాను."

దాన్ని తీసేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. సైటు తెరవమంటావా, బాబాయ్?

నీకు మొహం చూపించలేని
నీ అన్న కొడుకు