హైదరాబాద్‌లో తిని వచ్చిన మూడు రోజులు

కోరుట్ల,
ఆదివారం.

వీరేందర్ గారికి మీ శోభ నమస్కరించి రాస్తున్నది.

మేమంతా బాగున్నాం. అత్తమ్మ కంటికి ఆపరేషన్ అక్కర్లేదట, చుక్కల మందు చాలన్నారు. మన రచన పదో తరగతిలోకి వచ్చింది, నాకంటే పొడుగైంది. ఫోన్‌లో అయితే నేను సగం చెప్పకముందే మీరు వద్దంటారు. అందుకే ఉత్తరం రాసి, సెలవు ముగిసి మస్కట్ వస్తున్న జలపతి అన్న చేతికి ఇస్తున్నాను.

కంటి డాక్టరుకు ఒక్క పూట చాలదా, హైదరాబాద్‌లో మూడు రోజులు ఏం చేశారని పోయినసారి అడిగారు. తిన్నాం. సికింద్రాబాద్ స్టేషన్ వెనుక ఇరానీ హోటల్‌లో ఒక్క చాయ్‌తో గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనలేదు. అమీర్‌పేటలో హాస్టల్ పిల్లలు తినే మెస్‌లో నాలుగోసారి పప్పు అడిగినా మొహం చిట్లించకుండా వడ్డించారు. కోఠిలో ఒక సందులో చంద్రవ్వ అనే ఆమె జొన్న రొట్టెలు, ఒకే ఒక్క కూర అమ్ముతుంది. జనం నిలబడి తింటున్నారు. ఎప్పుడైనా వీలైతే ఈ మూడు చోట్లా మీరు తిని చూడాలి.

"ఒక్క కూరతోని ఎట్ల నడుస్తది అక్కా?" అని ఆమెను అడిగాను.

"రెండు వండితే రెండూ పాడైతయ్ బిడ్డా. ఒక్కటే మంచిగ వండు, గదే కావాలనుకుంట వస్తరు."

"ఇంట్ల మగోళ్ళు ఏమనలేదా?"

"తినకముందు అన్నరు" అని నవ్వింది.

అత్తమ్మ రెండు రొట్టెలు తిని చెయ్యి కడుక్కుంటూ, "నా రొట్టె గింతకంటె మెత్తగుంటది" అంది. ఆ మాట అనిపించాలనే అక్కడికి తీసుకుపోయానని ఆమెకు తెలియదు.

ఇక దాచింది చెబుతాను. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టేశాను. మన బస్టాండ్ దగ్గర ఒక షటర్ కొట్టు కిరాయికి తీసుకుని, పదిహేను రోజుల కిందట రొట్టెల హోటల్ తెరిచాను. హైదరాబాద్ నుంచి వచ్చాక ఈ సంగతి మొదట చెప్పినప్పుడు అత్తమ్మ, "మనింటి కోడలు బస్టాండ్ల గంటె పట్టుకొని నిలబడుతదా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు తానే పీట వేసుకుని పిండి ముందు కూర్చుంది.

తెరిచిన రోజు ఒక్కరూ రాలేదు. ఆ రొట్టెలు మేమే తిన్నాం. ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. మర్నాడు బయట నిలబడి ఆటోవాళ్ళను పిలిచాను. "తిని చూడుండ్రి అన్నా, నచ్చకుంటె పైసలియ్యకుండ్రి." ఇప్పుడు జగిత్యాల బస్సు డ్రైవర్లు దిగుతూనే, "రొట్టె ఉన్నదా అవ్వా?" అని అత్తమ్మను అడుగుతున్నారు. ఆమె ఎంత మురిసిపోతుందో చూడాలి.

వచ్చే నెల కంపెనీ కాగితం మీద ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టాలన్నారు. పెట్టకండి. పన్నెండేళ్ళుగా క్యాంపు మెస్‌లో పరాయివాళ్ళకు వండుతున్నారు. నాన్న వంట ఎన్నిసార్లు తిన్నావని రచనను అడిగితే మూడు వేళ్ళు మడిచి ఆగిపోయింది. నా కూర బాగానే ఉంది. మీరు వండితే ఇంకా బాగుంటుంది.

రమ్మనడానికే ఈ ఉత్తరం. మీరు సంతకం పెట్టేసినా కోపం చేయను. కానీ నన్ను మూసేయమని మాత్రం అనకండి. రేపు పొద్దున కూడా షటర్ ఎత్తుతాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
శోభ