మణికట్టులో సెట్ పని

శుక్రవారం, ఫిల్మ్ నగర్

కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో రాస్తుంటే ఈ అక్షరాలు నావి కానట్టున్నాయి.

పొద్దున హీరోయిన్‌కి డూప్‌గా గోడ దూకి, చేతి మీద పడ్డాను. బంజారా హిల్స్‌లో డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూపించారు. మణికట్టు దగ్గర సన్నటి గీత.

"విరిగిన చోట ముందు మెత్తటి వంతెనలాంటిది ఏర్పడుతుందమ్మా. తర్వాత గట్టిపడుతుంది. పాత ఎముకని తీసేసే కణాలు, కొత్తది కట్టే కణాలు పగలూ రాత్రీ పనిలోనే ఉంటాయి. ఆరు వారాలు కదపకండి," అన్నారు.

అప్పటినుంచీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటే సుత్తుల చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది. మా సెట్ వడ్రంగుల్లా లోపలెవరో పాతది విప్పి కొత్తది కడుతున్నారు.

పొద్దున డాక్టరమ్మ ఎక్స్‌రేలో ఇంకోచోట కూడా వేలు పెట్టారు. "ఇక్కడ కూడా విరిగి అతుక్కుంది. ఎప్పుడు?"

నవ్వి ఊరుకున్నాను. ఫైటర్లం ఎవరమూ విరిగిందని చెప్పం, బెణికిందంటాం. విరిగిందంటే షూటింగ్ పిలుపులు ఆగిపోతాయి. అప్పుడూ అలాగే చెప్పి, మర్నాడే దూకాను.

సాయంత్రం ఫైట్ మాస్టర్ ఫోన్ చేశారు. "సోమవారం జంప్ ఉంది. చెయ్యి ఎట్లుంది బిడ్డా?"

బెణికిందని చెప్పబోయి ఆగాను. లోపల అంతమంది పనిచేస్తున్నారు కదా.

"విరిగింది మాస్టర్," అన్నాను.

సోమవారం నా బదులు ఎవరిని పెడతారో మాస్టర్ చెప్పలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "నా భుజం గూడ విరిగింది బిడ్డా, ఇరవై ఏండ్ల కింద. బెణికిందనే చెప్పిన. ఇంట్ల గూడ."