ఆరు కిలోబైట్ల జాగా

మహారాజశ్రీ అన్నయ్యగారికి, క్యాంప్ వన్‌లోని మన కంప్యూటర్ సెంటర్ నుంచి తమ్ముడు సవినయంగా చేసుకుంటున్న ఫిర్యాదు.

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. కాంట్రాక్టు కూలీల హాజరీకి కొత్త ప్రోగ్రామ్ వచ్చింది. ఎక్కించగానే మెమరీ చాలదంది. మనది ఆరువందల నలభై కిలోబైట్ల కొంప. అందులో ఆరింటిని నీ ప్రోగ్రామ్ ఆక్రమించుకుని కూర్చుంది. అదే, మిషన్ ఆన్ చేయగానే లోపల చేరి, రోజూ ఒంటిగంటకి తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఏటిరా, తినవా?’ అని అడిగేది. ‘తిన్నావా’ రాయబోయి నువ్వొక ఎన్ మింగేశావు. వెక్కిరిస్తే, “అరె బుద్ధూ, అచ్చరానికీ మెమరీ కావాలిరా” అన్నావు.

నిన్న గుండె రాయి చేసుకుని, మిషన్ ఆన్ కాగానే నీ ప్రోగ్రామ్‌ని పిలిచే లైను తీసేశాను. హాజరీ పరుగెత్తింది. ఒంటిగంటకి తెర ఏమీ అడగలేదు. మూడింటికి మన టైపిస్టు సరళా దీదీ, “అన్నం డబ్బా తెరవనేదేటిరా?” అంది.

“ఎవరూ అడగలేదు దీదీ” అన్నాను, జోకులాగే. ఆమె నవ్వలేదు.

ఈ ఉదయం నీ లైను మళ్లీ రాసి, జాగా కోసం, డిస్కులోది చదివి మెమరీలో దాచుకునే బఫర్లు ఇరవై నుంచి ఎనిమిదికి తగ్గించాను. మిషన్ ఎడ్లబండి అయింది.

“ఇంత సుస్తీ అయిపోనాదేటి?” అని దీదీ విసుక్కుంది.

“అన్నయ్య సర్దుకు కూర్చున్నాడు దీదీ.”



ఇప్పుడే ఒంటిగంటయింది, నువ్వు అడిగావు. ఆ ఎన్ తప్పు దిద్దడం నాకు చేతనవును, కానీ దిద్దలేదు. తింటున్నానన్నయ్యా.