దేవుడి కుండలో బియ్యం

మందస
జూన్ 9

ప్రియమైన తమ్ముడు వాసుకి,

ప్రభువు నామంలో మీ అప్ప వందనాలు. ఉమకీ పిల్లలకీ కూడా చెప్పు. నీకు ఈ వందనాలు గిట్టవని తెలుసు. అయినా అరవై రెండేళ్ళ అలవాటు నీ మొహం చూసి మానుకోలేను.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే మా అబ్బాయి యువరాజు నా చెవి దగ్గర పెట్టాడు. గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. నువ్వేదో అడిగావు, నేను “బాగానే ఉన్నాన్రా” అన్నాను. నువ్వడిగింది అదో కాదో. చెవులు పోయాక ఉత్తరమే నయం. చదివిందే మళ్ళీ చదువుకోవచ్చు, నువ్వు విసుక్కుంటే మడిచి పక్కన పెట్టొచ్చు.

అసలు సంగతి. జీడితోట అమ్మేశాను. తిత్లీ తుఫానుకి పడిపోయినవి పోగా మిగిలినవి పదకొండు చెట్లు. ఈ ఏడు కిందపడ్డ పిక్కలు ఏరడానికి నడుము వంగలేదు. పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన నాలుగు లక్షలిచ్చాడు. మీ బావ పోయాక నాకు చెట్టూ చేమా అంటే అవే కదా, కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతకం వచ్చి కూడా వేలిముద్ర వేశాను, కాగితం మీద గీత కనబడలేదు.

అందులో నలభై వేలు విడిగా గుడ్డలో కట్టి బైబిలు పెట్టెలో పెట్టాను. అది పదో వంతు. చర్చికి ఇస్తాను. మన అమ్మ ఏటి చేసేదో నీకు గుర్తుందా? పొయ్యి మీద ఎసరు మరిగాక చేటలో బియ్యం తీసుకుని, ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. “ఇది దేవుడిది” అనేది. తరవాతే మన బియ్యం ఎసట్లో పడేది. శనివారం సాయంత్రం ఆ కుండలో బియ్యం మూటగట్టి నా నెత్తిన పెడితే, నేను పాస్టరమ్మగారికి ఇచ్చి వచ్చేదాన్ని. దారంతా పనసచెట్ల నీడే. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నాకు వయసు తగ్గుతుంది.

వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఓపిక బాగానే ఉంది. ఉమని పచ్చళ్ళు పంపొద్దని చెప్పు, డాక్టరు ఉప్పు మాన్పించాడు.

నీ అప్ప
సుభద్ర


టెక్కలి
జూన్ 21

ప్రియమైన అప్పకి,

తోట అమ్మావని చదివి మధ్యాహ్నం మిషను తొక్కలేకపోయాను. ఉమ టైలరింగు షాపుకి వచ్చి “ఏటయ్యింది, జాకెట్టు చేతులు తిరగేసి కుట్టేత్తన్నావు” అంటే గానీ చూసుకోలేదు.

కానీ నలభై వేలు చర్చికిస్తానన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. డయాలసిస్ ఉచితమే, ఆటోకి మాత్రం పోనూ రానూ ఎనిమిది వందలు. ఆ డబ్బుల్లేక ఏప్రిల్‌లో ఒక వారం మానేసి, కాళ్ళు వాచి, ఊపిరందక పడుకున్న మనిషివి నువ్వు. నీ ఊపిరి ఖర్చు తీసుకెళ్ళి చర్చి కానుకల పెట్టెలో వేస్తావా? మీ కొత్త పాస్టరు ఢిల్లీబాబు గారు ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతారట. పదో వంతు ఇవ్వనివాడి ఇంట్లో ఉన్నది దొంగసొమ్మని కూడా అన్నారట. మందస బస్సులో మీ ఊరివాళ్ళే చెప్పారు.

అమ్మ కుండ నాకు గుర్తులేకపోవడమా? నువ్వు పనసచెట్ల నీడ గుర్తుంచుకున్నావు, నేను నా ఆకలి గుర్తుంచుకున్నాను. ఇంట్లో నలుగురం. సాయంత్రం గంజిలో మెతుకులు లెక్కపెట్టుకునేవాళ్ళం. మూలనేమో దేవుడి కుండ నిండుగా ఉండేది. దేవుడికి ఆకలేస్తుందా అప్పా? అమ్మని ఒకసారి అడిగాను కూడా. అమ్మ నవ్వి నా తల నిమిరి, పొయ్యిలో పుల్ల ఎగదోసింది. నేను చర్చి గడప దిగింది అప్పుడే.

ఆ డబ్బు ఆటోకి ఉంచుకో. నా మాట కాదని ఇచ్చావంటే ఇంక నాకు ఉత్తరం రాయకు.

నీ తమ్ముడు
వాసు


టెక్కలి
జూలై 30

అప్పా,

కార్డే రాస్తున్నాను. కోపంలో ఏదో రాశాను, పట్టించుకోకు. నెలన్నరైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. యువరాజు ఫోన్ ఎత్తడం లేదు. డయాలసిస్‌కి వెళుతున్నావా? ఆ ఒక్క ముక్క రాయి చాలు.

వాసు


మందస
సెప్టెంబరు 3

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. రాయొద్దన్నావు కదా, పెద్దదాన్ని, మాట వింటే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. అది సరదాకి. నిజం వేరు. ఆసుపత్రిలో పది రోజులున్నాను, తరవాత సిగ్గుతో రాయలేదు.

యువరాజుకి మూలపేట పోర్టు పనుల్లో డ్రైవరు ఉద్యోగమని నీకు చెప్పాను. వాడు ఫోనులో డబ్బు పెట్టి ఆటలాడతాడని చెప్పలేదు. తోట డబ్బు నా పేర బ్యాంకులో వేస్తానని తీసుకెళ్ళాడు. జూలై నెలాఖరుకి లక్షన్నర ఆటలో పోయింది, మిగిలింది ఆ ఆట అప్పులకి కట్టేశాడు. ఆటోకి డబ్బడిగితే ఆ రోజు తల దించుకున్నాడు. నేను మళ్ళీ రెండుసార్లు డయాలసిస్ మానాను, అందుకే ఆసుపత్రి. నా కొడుకు తోట తిన్నాడని నీకు ఎలా రాయమంటావు?

కానీ బైబిలు పెట్టెలో నలభై వేలు అలాగే ఉన్నాయి. ఆ పెట్టె వాడి మంచం పక్కనే ఉంటుంది. “అది దేవుడిది, నానెలా ముట్టుకుంతాను” అన్నాడు. అప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఇప్పుడు చెప్పాలి.

మన నాన్న బియ్యం తీసుకెళ్ళి కల్లుపాకలో ఇచ్చేవాడు. నువ్వు చిన్నవాడివి, అప్పు తీర్చడానికనుకునేవాడివి. గాదెలో దాచినా, అటక మీద దాచినా పట్టేవాడు. దేవుడి కుండ జోలికి మాత్రం వచ్చేవాడు కాదు, భయం. అందుకని అమ్మ ఇంట్లో బియ్యం దాచడానికి దేవుడి చేతిలో పెట్టింది. పాస్టరమ్మగారితో ముందే మాట్లాడుకుంది. ఆదివారం ఆరాధనయ్యాక పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆకుల్లో అన్నం, పనసకాయ కూర వడ్డించేవారు, గుర్తుందా? నువ్వు రెండుసార్లు అడిగి పెట్టించుకునేవాడివి. అవి మన బియ్యమేరా. మన వీధిలో ప్రతి తల్లి పిడికెడూ అందులో ఉంది. దేవుడికి ఆకలేస్తుందా అని అడిగావు. వెయ్యదు. ఆయన పేరు చెబితే నాన్న ఆగేవాడు, అంతే.

నలభై వేలూ ఇచ్చేశాను. కోప్పడే ముందు ఇది చదువు. ఢిల్లీబాబు గారి దగ్గరికెళ్ళి, మైకులో నా పేరు చదవొద్దన్నాను. ఈ డబ్బు చర్చి పైకప్పుకి కాదు, ఆసుపత్రికెళ్ళే ఆటోకి అన్నాను. “పదో వంతు ఎక్కడ ఖర్చెట్టాలో ఇచ్చినోళ్ళు సెప్పకూడదమ్మా” అన్నారాయన. “మా అమ్మ సెప్పింది బాబూ, యాభై ఏళ్ళ కిందట” అన్నాను. ఆయన పాస్టరమ్మని పిలిచి టీ పెట్టమన్నారు. తరవాతి ఆదివారం ఆయనే లేచి తన జీతంలో పదో వంతు ఆటోకి రాశారు. ఇప్పుడు నెలకి మాట్లాడుకున్న బండి ఉంది. మా వీధి నుంచి ఆరుగురం వెళుతున్నాం. అందులో గౌరీశ్వరి వాళ్ళది చేపలు పట్టే ఇల్లు, ఆమె చర్చికి రాదు. గంగమ్మకి దణ్ణం పెట్టుకుని ఎక్కుతుంది. ముందు సీటు మాత్రం నాది, దానికి పోటీ లేదు.

ఆ కుండని నాన్న ఏనాడూ ముట్టుకోలేదు. అమ్మ గెలిచిన ఆట అదొక్కటే. అందుకే అది నాకు తీపి. నీకూ తీపి కావాలని ఇంత రాశాను.

నీ అప్ప
సుభద్ర


టెక్కలి
సెప్టెంబరు 12

ప్రియమైన అప్పకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆసుపత్రి సంగతి దాచినందుకు వచ్చి తిడతాను. ముందు నేను దాచింది చెప్పాలి. ఇది ఉమకి కూడా తెలియదు.

నాన్న ఆ కుండ ముట్టుకోలేదన్నావు. నిజమే. నా చేత ముట్టించాడు.

నాకు తొమ్మిదేళ్ళు. నువ్వూ అమ్మా జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేవారు. నాన్న గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, “నువ్వు సిన్నోడివిరా, నీకు పాపం అంటదు. ఒక గ్లాసు తియ్యి” అన్నాడు. తీశాను. రెండు రోజులాగి మళ్ళీ తీశాను. నాన్న నాకు ఒక బెల్లంముక్క కొనిపెట్టేవాడు, నేను తినేవాడిని. అప్పటి నుంచి ఆదివారం పాస్టరమ్మగారు అన్నం వడ్డిస్తుంటే రెండోసారి అడగడం మానేశాను. దేవుడిది దొంగిలించి దేవుడింట్లో తింటున్నానని ఏడుపొచ్చేది. నేను చర్చి మానేసింది అందుకు. ఆకలని నీకు రాసింది అబద్ధం.

అమ్మ కనిపెట్టింది. కుండ లోపల బొగ్గుతో గీసుకున్న గీత నేను తరవాత చూశాను, బియ్యం ఆ గీత కిందికి దిగడం అమ్మ చూసింది. మర్నాడు సాయంత్రం పొయ్యి దగ్గర పడుకుని నిద్ర నటిస్తూ చూశాను. ఒక పిడికెడు దేవుడి కుండలో వేసింది. తరవాత ఇంకో పిడికెడు తీసి, కుండ పక్కన పాత డాల్డా డబ్బా పెట్టి అందులో వేసింది. నా చేతికందే ఎత్తులో. ఆ రోజు నుంచి నాన్న అడిగితే నేను డబ్బాలోంచి తీసేవాడిని. కుండ మళ్ళీ తగ్గలేదు. నువ్వు శనివారం మోసుకెళ్ళిన మూట అందుకే నిండుగా ఉండేది.

ఆ రెండో పిడికెడు ఎక్కడిదో నాకు చాలా ఏళ్ళు తట్టలేదు. మన ముగ్గురికీ వడ్డించి, “నాకు కడుపు బరువుగా ఉంది” అని అమ్మ గంజి తేట తాగేది చూడు, అక్కడిది.

చర్చికి ఇస్తే తప్పని నేను అరిచింది నీ మీద కాదు. ఆ కుండ పేరెత్తితే నాకు నా చెయ్యే కనబడుతుంది.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. యువరాజుని ఇంట్లో ఉండమను. వాణ్ణి తిట్టను. దొంగతో ఎలా మాట్లాడాలో దొంగకి తెలుస్తుంది.

రెండు బియ్యం మూటలు తెస్తున్నాను. నిన్న ఉమ ఎసట్లో బియ్యం పోస్తుంటే చెయ్యి పెట్టి పిడికెడు తీశాను. “ఏటిది, కొత్తగా” అంది. నా పిడికిలి అమ్మ దానికంటే పెద్దది. పెద్ద మూట పాస్టరమ్మకి ఇయ్యి, పిల్లలకి వండమను. చిన్నది చర్చికి కాదు, నీకు. అది అమ్మ తినకుండా లేచిన కూడు. నా ఎదురుగా కూర్చుని నువ్వు తిను.

నీ తమ్ముడు
వాసు

ప్రభువు నామంలో వందనాలు అని మొదట్లో రాయబోయి ఆగాను. వచ్చి నోటితో చెబుతాను. నీకు వినబడకపోతే ఇంకోసారి చెబుతాను.