ఇంట్లో నేను, ఆఫీసులో నా మౌస్

ఆదివారం సాయంత్రం
సాధించాను! ఇంట్లో కూర్చుంటే ఆఫీసు కంప్యూటరు తెర మొత్తం కనిపిస్తోంది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం పరుగెడుతోంది. దారి పొడవునా రహస్య సంకేతాలు, వాటిపైన పాస్‌వర్డు, ఆ పైన ఇంకో తాళం. ఏ దొంగవెధవా తొంగిచూడలేడు! ఇంటి నుంచి పనిచేసి చూపించమని మేనేజరుగారు వారం గడువిచ్చారు. పని ఆగకపోతే ఇక ఎప్పటికీ ఇంటి నుంచే. మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీ ముగిసేసరికి చీకటి పడుతుంది. పాప బడి నుంచొచ్చి పక్కింటివాళ్ల మెట్ల మీద కూర్చుంటోంది. తలుచుకుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఒట్టు: పని వేళల్లో పని తప్ప ఇంకేదీ ముట్టను!

సోమవారం, 4.00
అద్భుతం! పాప తలుపు తడితే నేనే తీశాను. దాని మొహం చూడాలి!

5.10
అలవాటు కొద్దీ షట్‌డౌన్ నొక్కాను. ఆరిపోయింది ఇక్కడిది కాదు. అక్కడిది.

మంగళవారం పొద్దున్నే
మొదటి బస్సులో ఆఫీసుకెళ్లి, మీట నొక్కి, తిరుగు బస్సులో వచ్చేశాను. ఇంటి నుంచి పనిచేయడానికి!
"ఎక్కడికెళ్లొచ్చారండీ?" అంది మా ఆవిడ.
"వాకింగుకి."
"ఆఫీసు కార్డు మెళ్లో వేసుకునా?"

బుధవారం
కాసేపు ముట్టకపోతే చాలు, అక్కడి కంప్యూటరు నిద్రపోతోంది. పక్క సీటు అకౌంటెంటుకి ఫోన్ చేశాను: "గురూ, కాస్త నా మౌస్ కదుపు." మళ్లీ చేశాను. మళ్లీ. "నాకింకేం పనిలేదనుకున్నావా?" అని కసిరాడు. లాభం లేదని సెట్టింగులు మార్చేశాను. ఇక కంప్యూటరూ నిద్రపోదు, తెరా ఆరిపోదు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

గురువారం, 4.00
పని లేదు. అంటే, ఉంది. "నాన్నా, ఒక్క ఆట!" అంది పాప. పేకముక్కలు సర్దే ఆట ఆఫీసు కంప్యూటర్లోనే ఉంది. పిల్ల అడిగితే కాదంటామా? ఒక్కటే.

5.30
ఇంకా ఆ ఒక్కటే నడుస్తోంది.

శుక్రవారం, 4.15
పాప ఎర్ర రాణిని ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తోంది. ఇంతలో బాణం దానంతటదే కదిలింది. రాణిని లాక్కెళ్లి నల్ల రాజు మీద పెట్టింది! బాబోయ్, దొంగలు! ఇంటర్నెట్ వైరు పీకేశాను.
ఫోన్. మేనేజరుగారు.
"ఏమయ్యా, మంచి పట్టులో ఉండగా ఆట ఆపేశావేం?"
"మీకెలా తెలుసండీ?" అన్నాను.
"నిన్నట్నుంచి అందరం నీ బల్ల చుట్టూనే ఉన్నాం. రాణి దగ్గర మీ తడబాటు చూడలేక నేనే మౌస్ పట్టుకున్నా."
దారంతా తాళాలు వేశాను కానీ, నా బల్ల మీది తెర అందరి ముందూ బార్లా తెరిచి ఉంది. ఆరకుండా చేసిందీ నేనే!
"ఆడుతున్నది ఎవరు? నువ్వు కాదులే, తెలివిగా ఆడుతున్నారు."
"మా పాపండీ." మెట్ల సంగతి కూడా చెప్పేశాను.
"ఇంకో వారం ఇస్తున్నా. పని వేళల్లో మళ్లీ పేక ముట్టావో, నీకు బస్సే గతి."

సోమవారం, 9.00
కొత్త వారం, కొత్త ఒట్టు. పేక ముట్టను. ముట్టనంటే ముట్టను!

4.00
పాప వచ్చింది. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

4.05
నేను ముట్టలేదు. అయినా బాణం కదిలింది. పేకముక్కలు పరుచుకున్నాయి. పక్కనే ఖాళీ పేజీ తెరుచుకుని, ఒక్కో అక్షరమే పడుతోంది:
"ఏమయ్యా, పాప వచ్చిందా?"

4.06
ఒట్టు రేపటి నుంచి.